ఇది ఎవరి పక్కండీ?

మా వేములమడలో పాత పరుపు ఏకించుకోవాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. దూదేకుల కాశిం పరుపు చుట్టను ముట్టుకునేవాడు కాదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి, "ఇది ఎవరి పక్కండీ?" అని అడిగేవాడు. ఇంటాయనదనో, పెద్దకోడలిదనో చెప్పాక గానీ చెయ్యి ముందుకొచ్చేది కాదు. మిల్లు యజమాని ఇంటినుంచి వచ్చిన పట్టెమంచం పరుపైనా అంతే, మా ఇంటి చిరుగుల బొంతైనా అంతే.

జనం ఊరుకుంటారా? "మా రెండో దానిది కాశిం, మొదటిదానికి చెప్పమాక" అనేవాడు మిల్లు లారీ డ్రైవరు, రెండో పెళ్ళాం కాదు కదా మొదటి పెళ్ళామే నిలవని మొహం. "పక్కెవరిదైతే నీకెందుకయ్యా, వచ్చి పడుకుంటావా?" అనేవాళ్ళు ఇంకొందరు. కాశిం నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. వాళ్ళ వాగుడంతా అయ్యాక మళ్ళీ అదే ప్రశ్న అడిగేవాడు.

నా పేరు దుర్గ. కాశిం పాకను ఆనుకునే మా టైలరింగు కొట్టు, మధ్యలో తాటాకు తడిక ఒక్కటే అడ్డం. అతను దూది ఏకితే, ఆ దూదికి గుడ్డ సంచి నేను కుట్టేదాన్ని. అతను నన్ను దుర్గమ్మా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. "చచ్చినోళ్ళ దూది పెళ్ళి పరుపులో కలిపాడే, ఆ కాశిమా?" అని ఇప్పటికీ మా ఊళ్ళో అడుగుతారు. అడిగినవాళ్ళ నోట్లో దబ్బనం గుచ్చాలనిపిస్తుంది నాకు. గుచ్చలేను కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. అందులో నా పాపం పాలెంతో కూడా చెబుతాను.

వేములమడ పట్నమూ కాదు, పల్లెటూరూ కాదు. కాలవ మీద తెల్లదొరల కాలంలో కట్టిన లాకులుంటాయి. పడవలు నడిచే రోజుల్లో లాకు తెరిచేదాకా బారులు తీరి నిలబడేవట. ఆ పడవలవాళ్ళ బొంతలు కుట్టడానికే కాశిం తాత ఇక్కడ దిగాడు. లారీలొచ్చాయి, పడవలు పోయాయి, దిగినవాళ్ళు మాత్రం దిగబడిపోయారు. నేను చెప్పే నాటికి మిగిలినవి రెండు రైసు మిల్లులు, ఒక సహకార బ్యాంకు, గంటకో విజయవాడ బస్సు. వేసవిలో కాలవ కట్టేస్తే ఊరికి ఆ కాస్త కళ కూడా ఉండేది కాదు. బురద ఎండి పెళ్ళలు లేచిన కాలవ అడుగున గేదెలు తిరిగేవి.

కాశిం వాళ్ళింట్లో తెలుగే మాట్లాడతారు. రంజాను చేస్తారు, పీర్ల పండగ చేస్తారు, పక్కింటి వ్రతానికి పిలిస్తే ప్రసాదం కళ్ళకద్దుకుంటారు. బందరునుంచి వచ్చే సాయిబులు "ఉర్దూ రానివాళ్ళు మీరేం తురకలయ్యా" అని వెక్కిరించేవాళ్ళు. మావాళ్ళేమో సాయిబు అనే పిలిచేవాళ్ళు. "మాది ఎటూ కాని మతం దుర్గమ్మా, దూది మతం. ఎటు గాలేస్తే అటు ఎగరాల" అనేవాడు కాశిం. అతను చేసిన హాస్యం ఏదన్నా ఉందంటే అదొక్కటే.

ఆ ప్రశ్న ఎందుకడుగుతావని ఒకసారి నేనూ అడిగాను.

"మనిషి పోయిన పక్క ఏకకూడదమ్మా. మా నాన్న చేతిలో చెయ్యేయించుకున్నాడు."

"అపశకునమనా?"

"అదేం కాదు. రోజూ పడుకున్న చోట పరుపులో గుంట పడుద్ది చూడు. తల కాడ ఒకటి, నడుం కాడ ఒకటి. ఏకితే ఆ గుంట పోద్ది. బతికున్నోళ్ళయితే మళ్ళీ పడుకుంటారు, మళ్ళీ పడుద్ది. పోయినోళ్ళది ఎక్కణ్ణించి తెస్తాం?"

చనిపోయినవాళ్ళ పరుపు మా ఊళ్ళో ఎవరూ ఇంట్లో ఉంచుకోరు. శ్మశానం దాటాక కాలవ గట్టు మీద పడేస్తారు. కుక్కలు పీకుతాయి, దూది తుమ్మచెట్లకు పట్టుకుని వానాకాలం దాకా వేలాడుతూ ఉంటుంది. ఆ దారిన వెళ్ళేటప్పుడు కాశిం తల దించుకుని నడిచేవాడు.

ఏటా ఉగాది వెళ్ళాక అతను విల్లు భుజాన వేసుకుని దివిసీమ పల్లెలు తిరగడానికి పోయేవాడు. మూడు వారాలు, ఒక్కోసారి నెల. ఎవరి అరుగు మీద చోటిస్తే అక్కడే ఏకడం, అక్కడే తినడం. తొంభై ఏడులో కూడా అలాగే వెళ్ళాడు. అతను ఊళ్ళో లేనప్పుడే వెంకటకృష్ణారావు గారి పాప పోయింది.

వెంకటకృష్ణారావు గారు సహకార బ్యాంకులో గుమాస్తా. ఆయన భార్య రామతులసి, తల్లి సీతారావమ్మ గారు. మూడేళ్ళ కూతురు, అందరికీ బుజ్జి. ఆ పిల్ల మా కొట్టుకొచ్చి మిషను కింద దూరి గుడ్డముక్కలు ఏరుకునేది. ఏరుకున్నవన్నీ గౌను జేబులో కుక్కుకుని, "వెళ్ళొత్తా" అని చెప్పి మరీ వెళ్ళేది. ఒక సోమవారం జ్వరం వచ్చింది, బుధవారానికి తలకెక్కింది, విజయవాడ తీసుకెళ్ళారు. ఐదోనాడు తెల్ల అంబాసిడరు కారు వాళ్ళింటి ముందు ఆగింది. లోపలినుంచి ముందు సీతారావమ్మ గారు దిగారు, ఒట్టి చేతులతో. తర్వాత రామతులసి దిగింది, ఒళ్ళో దుప్పటి చుట్టతో. ఆ సాయంత్రమే గట్టు మీద పూడ్చిపెట్టారు.

ఆ రోజునుంచి రామతులసి అన్నం ముట్టలేదు. బుజ్జి చిన్న పరుపు ఒకటుండేది. పురిటిలో సీతారావమ్మ గారు కాశిం చేత కుట్టించింది. పసుపుపచ్చ గుడ్డ మీద ఆకుపచ్చ చిలకలు, ఆ గుడ్డ నేనే ఏరి ఇచ్చాను. దాన్ని మొహానికి అదుముకుని పగలూ రాత్రీ ఒకే మూల కూర్చునేది. మంచినీళ్ళు పట్టిస్తే తాగేది, అంతే. డాక్టరు వచ్చి సూది మందు ఇచ్చి, ఇలా అయితే ఈవిడ కూడా దక్కదని చెప్పిపోయాడు.

సీతారావమ్మ గారు ఏం చేసిందంటే, ఆ సూది మందుకి కోడలు మగతలో ఉన్నప్పుడు మెల్లిగా ఆ పరుపు లాగేసింది. కళ్ళెదుట లేకపోతే మరుపు వస్తుందనుకుంది. పెద్దవాళ్ళ తెలివి అంతవరకే. గట్టు మీద పడెయ్యమని చాకలికి ఇవ్వబోయిందట గానీ, మనవరాలి పక్క కుక్కలు పీకుతుంటే ఎలాగని చెయ్యి రాలేదట. చంకలో పెట్టుకుని నేరుగా కాశిం పాక దగ్గరికి వచ్చింది. కాశిం ఆ పొద్దున్నే మొదటి బస్సులో ఊళ్ళో దిగాడు. భార్య నఫీసా వదిన పుట్టింట్లో ఉంది. అతనికి కబురు చెప్పడానికి ఇంట్లో ఒక్క మనిషి లేదు.

ఇక్కడినుంచి జాగ్రత్తగా వినండి, తడిక ఇవతల నేనూ ఉన్నాను.

"ఇది ఎవరి పక్కండీ?" అన్నాడు కాశిం. ఎవరిదో తెలుసు, తను కుట్టిందే. అయినా అడిగాడు.

"మా బుజ్జిదాని పక్క కాశిం. వాళ్ళ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది."

రామతులసి తల్లి పోయి ఆరేళ్ళయింది. పెళ్ళికి ముందే పోయింది, తెనాలిలో. ఆ సంగతి కాశింకు తెలిసే వీల్లేదు.

"పోనీండమ్మగారూ," అన్నాడు కాశిం, "ఎండాకాలం కదా. పిల్లలకి అమ్మమ్మ కాడే సుఖం."

సీతారావమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంత ఓదార్పు మాట తనకు ఎవరూ చెప్పలేదనుకుందట. మనవరాలి మీద బెంగ కాబోలనుకున్నాడు కాశిం. మిషను తొక్కుతూ ఇవతల నేనేమనుకున్నాను? ఆహా, ఎంత బాగా అన్నాడు అనుకున్నాను. నా తెలివి తగలెయ్య!

"దూది నీ దాంట్లో కలిపేసుకో," అంది ఆవిడ వెళ్తూ వెళ్తూ. "మాకింక అక్కర్లేదు."

"అవునమ్మా, పాప పెద్దదైపోయె. వచ్చాక పెద్ద పరుపు కుట్టిస్తా."

ఆ చివరి మాట నాకు వినబడింది. మిషను చప్పుడులో ఒకలా విన్నానేమో అనుకున్నాను. పెళ్ళిళ్ళ రోజులు, ముప్ఫై జాకెట్లు కుట్టాల్సి ఉంది. లేచి నాలుగడుగులు వేసి, ఏంటన్నయ్యా అంటున్నావని అడిగితే సరిపోయేది. అడగలేదు.

మన భాషకే ఒక జబ్బుంది. బియ్యం అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం. గుమ్మం దాటేటప్పుడు వెళ్తాననం, వెళ్ళొస్తానంటాం. చావుకైతే చెప్పనే అక్కర్లేదు, పెద్దవాళ్ళు కాలం చేస్తారు, పిల్లలు అమ్మమ్మ దగ్గరికి వెళ్తారు. అన్నవాళ్ళకి అర్థమవుతుంది, విన్నవాళ్ళకి అర్థమైందనుకుంటాం. సీతారావమ్మ గారు అబద్ధమాడలేదు. కాశిం అడక్కుండా తీసుకోలేదు. వాళ్ళిద్దరూ సరిగ్గానే మాట్లాడుకున్నారని నేను నమ్మాను. ముగ్గురం కలిసి ఒక పిల్లను రెండోసారి పోగొట్టాం.

ఆ మధ్యాహ్నమే అతను కుట్లు విప్పేశాడు. మిల్లు యజమాని గంగాధర్ కొడుకు పెళ్ళికి జోడు పరుపులు నింపుతున్నాడు, ఇంకాస్త దూది తక్కువ పడింది. ఈ దూది మెత్తనిది, పసిపిల్ల పడుకున్నది, మంచి శకునం అనుకుని ఆ రాశిలోనే పోశాడు. పాకలో వింటి నారి టంయ్ టంయ్‌మని సాయంత్రం దాకా మోగుతూనే ఉంది. గుడ్డ సంచి తడిక మీదుగా నాకు విసిరాడు, పాత గుడ్డలు మిషను తుడవడానికి నేనే తీసుకునేదాన్ని. చిలకల బొమ్మ చూశాను. మనసు చివుక్కుమంది. దాంతో మిషను తుడవబుద్ధి కాలేదు. దాచుకుందామని సబ్బుపొడి నురుగులో నానబెట్టి, పాలమరకా ఉచ్చమరకా పోయేదాకా రుద్ది, ఎండలో ఆరేశాను. అదీ నేను చేసిన ఘనకార్యం.

మర్నాడు జోడు పరుపులూ రిక్షా మీద గంగాధర్ ఇంటికి వెళ్ళిపోయాయి. ఆ మర్నాడు పొద్దున పది గంటలకు రామతులసి వచ్చింది.

చెప్పుల్లేవు. జుట్టు ముడి కూడా లేదు. వెనక సీతారావమ్మ గారు ఆయాసపడుతూ పరిగెత్తుకొస్తోంది. రామతులసి పాక ముందు నిలబడి, చాలా మర్యాదగా, తాకట్టు చీటీ ఇచ్చి వస్తువు అడిగినట్టు అడిగింది.

"నా బుజ్జి పక్క ఇవ్వండి బాబాయ్ గారూ."

"పాప వచ్చేసిందా అమ్మా?" అన్నాడు కాశిం.

నా కాళ్ళ కింద మిషను ఆగిపోయింది.

రామతులసి ఆ మాట పట్టించుకోలేదు. ఆమె చూపు పాకలో మూలమూలా వెతుకుతోంది. సీతారావమ్మ గారు మాత్రం అతని మొహం చూసింది. ఆవిడకి అప్పుడర్థమైంది. కాశిం తడిక వైపు తిరిగాడు.

"దుర్గమ్మా... పాప?"

"నీకు తెలీదా అన్నయ్యా?" అన్నాను.

అతని రెండు చేతులూ వాటంతటవే వెనక్కి వెళ్ళిపోయాయి. సీతారావమ్మ గారు దండం పెట్టింది. "అది ఇస్తే ఒక్క ముద్ద తింటానంది కాశిం. తొమ్మిది రోజులైంది. ఎలాగైనా ఇచ్చెయ్యి నాయనా."

"ఉందమ్మా," అన్నాడు కాశిం రామతులసితో. "పైన అటక మీద పెట్టా. ఎండ తగలనిచ్చి రేపు నేనే తెచ్చిస్తా. నువ్వింటికెళ్ళు తల్లీ."

ఇరవై రెండేళ్ళలో అతను చెప్పగా నేను విన్న మొదటి అబద్ధం అది. రామతులసి నమ్మింది. నమ్మి, తల ఊపి వెళ్ళింది.

వాళ్ళు కనుమరుగవగానే కాశిం చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. "ఎక్కడికి?" అన్నాను. "గంగాధర్ గారింటికి. ఆ పరుపులు విప్పుతా." నేను కొట్టుకు తలుపు కూడా వెయ్యకుండా వెనకాలే పరిగెత్తాను. దారిలో చిలక్కి చెప్పినట్టు చెప్పాను. కుట్టు ఊడింది, టాకాలు సరిగ్గా పడలేదు అని చెప్పి పరుపులు వెనక్కి తెచ్చుకో అన్నయ్యా, ఇంకేం వాగొద్దు అన్నాను. సరేనన్నాడు.

గంగాధర్ ఇంటి ముందు తాటాకు పందిరి వేస్తున్నారు. ఎల్లుండి పెళ్ళి. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు, చుట్టూ చుట్టాలు. కాశిం వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను వెనకనుంచి చొక్కా లాగాను. నోరు విప్పాడు, విప్పడమే నిజం చెప్పేశాడు.

"అయ్యా, మీ పరుపుల్లో పోయిన పిల్ల పక్క దూది కలిసిందండి. తెలీక కలిపా. ఒక్కసారి విప్పనీయండి, ఆ తల్లికి కాస్తన్నా తీసి ఇవ్వాల. మీకు కొత్త దూది నింపి ఇస్తా."

అబద్ధం ఒకటి చెప్పమంటే చెప్పలేకపోయాడు! ఆ పొద్దున పాకలో చెప్పినవాడు ఇక్కడెందుకు చెప్పలేకపోయాడో నాకిప్పటికీ తెలియదు. పెళ్ళికొడుకు తల్లి గుండెలు బాదుకుంది. గంగాధర్ లేచి చెంప మీద కొట్టాడు, కిందపడితే లేపి మళ్ళీ కొట్టాడు. చుట్టాల్లో ఎవరో "దూదేకులోడిని ఇంట్లోకి రానిస్తే ఇంతే, ఏకై వచ్చి మేకై కూర్చుంటాడు" అన్నారు. నవ్వినవాళ్ళు కూడా ఉన్నారు. మాట కుదిరింది కదా మరి.

నలుగురు మగవాళ్ళు జోడు పరుపులూ మోసుకొచ్చి ఎండిన కాలవలోకి తోశారు. గంగాధర్ కిరసనాయిలు డబ్బా ఒంపి అగ్గిపుల్ల గీశాడు. కాశిం గట్టు మీదనుంచి దూకాడు. నేను కేకపెట్టాను. మంటలో కుడిచెయ్యి పెట్టి ఒక గుప్పెడు దూది లాగాడు. లాగి, నీళ్ళు లేని ఆ కాలవలో బురదపెళ్ళల మీద మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని విప్పి చూశాడు. సగం బూడిద.

"అది ఆ పిల్ల దూదేనని నీకెలా తెలుసయ్యా?" అని ఏడుస్తూ తిట్టాను.

"తెలీదమ్మా," అన్నాడు. "ఏకినాక ఎవరికి తెలుస్తది?"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు కదా, మేం నిజంగానే కలబంద ఆకు చీల్చి ఆ చెయ్యికి కట్టాం. కబురందుకుని వచ్చిన నఫీసా వదిన ఒక పక్క తిడుతూ ఒక పక్క ఏడుస్తూ కట్టింది. అతను ఉన్నట్టుండి నన్నడిగాడు.

"ఆ చిలకల గుడ్డ ఏం చేశావ్ దుర్గమ్మా?"

ఉతికిన సంగతి చెప్పాను. కళ్ళు మూసుకున్నాడు.

"అన్నయ్యా, పద, నేనూ వస్తాను. ఇద్దరం వెళ్ళి ఉన్నది చెప్పి, ఆ అమ్మాయి కాళ్ళు పట్టుకుందాం," అన్నాను.

"నిజం చెప్పి ఇప్పుడే ఒక పెళ్ళింట్లో నిప్పెట్టొచ్చా. చాలు," అన్నాడు.

కుడిచెయ్యి పనికిరాదు. ఎడమచేత్తో దబ్బనం పట్టాడు. నేను సంచి మళ్ళీ కుట్టాను, నఫీసా వదిన కొత్త దూది కూరింది, అతను ఎడమచేత్తో టాకాలు వేశాడు. నేను కుడతానంటే దబ్బనం ఇవ్వలేదు. గీత గీసినట్టు కుట్టే మనిషి కుట్టు, కోడి నడిచినట్టు వంకరటింకరగా పోయింది. అంతా అయ్యాక పరుపును నేల మీద పరిచి, పిడికిలితో తల కాడ ఒకసారి, నడుం కాడ ఒకసారి మెల్లిగా ఒత్తాడు. గుంట పెడుతున్నాడని నాకప్పుడర్థమైంది. నేనింక చూడలేక బయటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం వెళ్ళాం. రామతులసి గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. పరుపు తీసుకుని మొహం దాంట్లో పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది. తల ఎత్తి కాశిం వైపు చూసింది. కట్టు కట్టిన చెయ్యి చూసింది.

"ఇదేనా బాబాయ్ గారూ?"

"ఇదేనమ్మా. అటక మీదే ఉంది. ఎవురూ ముట్టుకోలా."

"ఇదే," అంది ఆమె. లోపలికి తీసుకెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం పెరుగన్నం రెండు ముద్దలు తిన్నదని సీతారావమ్మ గారు కబురు చేసింది. కాశిం పాకలో కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

బతికింది ఆ అమ్మాయి. మనిషి సగమే మిగిలింది గానీ బతికింది. కాశిం బతుకే పోయింది. పరుపుల్లో చావు దూది కలుపుతాడన్న మాట లాకులు దాటి నాలుగూళ్ళు పాకింది. ఊళ్ళో సగం పరుపులు జనం తెచ్చి వాకిట్లో పడేసి, ఇవి కూడా అలాంటివేనా అని అడిగారు. ఎవరి పక్కో చెప్పమని ఇరవై ఏళ్ళు వాళ్ళను అతను అడిగాడు. ఇప్పుడు వాళ్ళు అతన్ని అడిగారు. దివిసీమకు వెళితే అరుగెక్కనివ్వలేదు. గంగాధర్ కొడుక్కి ఏడాది దాకా పిల్లలు పుట్టకపోతే దానికీ కాశిమే కారణం. తర్వాత వరసగా ముగ్గురు పుట్టారు, దానికి మాత్రం ఎవరి పేరూ చెప్పలేదు.

ఆ మాట రాకపోయినా ఎంతోకాలం సాగేది కాదులెండి. విజయవాడ గవర్నర్‌పేటనుంచి స్పాంజి పరుపులు వ్యాన్ల మీద రావడం మొదలైంది. చివరికి కాశిం ఆ వ్యాన్లకే సరుకెత్తే పనికి కుదిరాడు. వారమంతా విజయవాడలో, ఆదివారం ఊళ్ళో. ముడుచుకుపోయిన ఆ కుడిచేత్తోనే ఎత్తేవాడు. ముప్ఫై ఏళ్ళు మింగిన దూది ఊపిరితిత్తుల్లో కూర్చుంది. దగ్గు మొదలైంది, సన్నబడ్డాడు, రెండు వేల ఆరు వర్షాకాలానికి మంచాన పడ్డాడు. మంచమనేది మాటవరసకు. ఊరందరికీ పరుపులు కుట్టినవాడు జీవితమంతా చాప మీదే పడుకున్నాడు.

పడుకుంటే ఊపిరాడేది కాదు. వీపు వెనక ఎత్తుగా ఏదన్నా పెట్టి కూర్చోబెట్టమన్నాడు డాక్టరు. నఫీసా వదిన చీరలు మూటకట్టి పెట్టింది, అవి జారిపోయేవి. ఆ సంగతి నేను ఎవరితోనో అంటుంటే రామతులసి విన్నదేమో, ఆ సాయంత్రం వచ్చింది. చంకలో చిలకల పరుపు. తొమ్మిదేళ్ళకి రంగు వెలిసింది గానీ ఎక్కడా చిరగలేదు.

ఎవర్నీ ఏమీ అడగకుండా వెళ్ళి, దాన్ని రెండు మడతలు పెట్టి, కాశిం వీపు వెనక సర్ది, అతన్ని మెల్లిగా ఆనించింది. కాశిం ఎడమచెయ్యి వెనక్కి పెట్టి గుడ్డ తడిమాడు. వేళ్ళకు ఆ వంకర టాకాలు తగిలాయి. ఒక్కొక్కటే తడుముకుంటూ పోయాడు. తన కుట్టు తనకు తెలియదా? కళ్ళెత్తి ఆమెను చూశాడు. ఊపిరి చాలక మాట ముక్కలుగా వచ్చింది.

"ఇది... ఎవరి... పక్కమ్మా?"

"మా బుజ్జిది బాబాయ్ గారూ," అంది రామతులసి. "మీరే దాచి ఇచ్చారుగా."

కాశిం కళ్ళవెంట నీళ్ళు గడ్డం మీదికి కారాయి.

ఆమెను సాగనంపడానికి లాకులదాకా వెళ్ళాను. కాలవ నిండా ఎర్రనీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. తొమ్మిదేళ్ళు గొంతులో ముల్లు పెట్టుకు తిరిగినదాన్ని, ఆగలేకపోయాను. "రామతులసీ, నీకో సంగతి చెప్పాలి," అన్నాను.

"నాకు ఆ రోజే తెలుసు దుర్గక్కా," అంది. "సబ్బుపొడి వాసన. మీ కొట్టు వాసన."

"మరి ఇదే అన్నావేం?"

"ఆయన చెయ్యి చూశాను. ఇది కాదంటే, ఇంకేం కాల్చుకుంటాడోనని భయమేసింది." నీళ్ళవైపు తిరిగి, "ఎవరో ఒకరు తినమని ఇంత చేశాక తినకపోతే ఎలా అక్కా?" అంది.

నేను అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నా పక్కన నిలబడింది.

ఆ శుక్రవారం పొద్దున కాశిం పోయాడు. కూర్చునే పోయాడు, ఆ పరుపుకు ఆనుకునే. విజయవాడ పటమటలో ఆటో తోలుకునే కొడుకు ఇష్తియాక్ మధ్యాహ్నానికి వచ్చాడు. నమాజు చదివి, మట్టి ఇచ్చి వచ్చారు. జనం పలచగానే వచ్చారు. గంగాధర్ ఇంటినుంచి ఎవరూ రాలేదు.

మూడోనాడు నఫీసా వదిన ఇల్లు సర్దుతూ ఆ పరుపు పట్టుకుని నిలబడింది. ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు. మనిషి పోయిన పక్క ఇంట్లో ఉంచకూడదు, ఏకకూడదు. ఇష్తియాక్ గట్టు మీద పడేసొస్తానని చెయ్యి చాపాడు. వద్దనడానికి నేను లేచేలోపు వాకిట్లో అలికిడైంది.

రామతులసి. ఈసారి కాళ్ళకు చెప్పులున్నాయి, జుట్టు ముడి వేసుకుని ఉంది. గడప బయటే నిలబడి, అప్పటిలాగే మర్యాదగా అడిగింది.

"నా బుజ్జి పక్క ఇవ్వండి పిన్నిగారూ."

నఫీసా వదిన దాన్ని మడత విప్పి, తల కాడా నడుం కాడా ఒత్తుకుపోయిన గుంటలు చెదరకుండా, రెండు చేతుల మీదా పరిచి తెచ్చి ఇచ్చింది.